నిద్రపోయే వైర్‌లెస్ కార్డు

బోనాల ఆదివారం. జహనుమాలోని పుట్టింటికి బయలుదేరబోతూ అమల, ఆఫీసు పని వదిలి రాలేనంటున్న భర్తనూ, అతని ల్యాప్‌టాప్‌నూ అనుమానంగా చూసింది.

"నేను గదిలకు రాంగనే నెట్ పోతదేంది? ఏం దాస్తున్నవ్?"

"నీ వల్ల గాదు. పొద్దుగాల్నుంచి గిదే లొల్లి, మాటిమాటికి పోతుంది."

"పక్కింటోళ్లు గిట్ల వాడుతున్నరా?"

"కాదు, ఇప్పుడే దొరికింది. మనం ఏం చెయ్యకుంట కూసుంటే, బ్యాటరీ మిగలాలని లినక్స్‌ల నెట్ పట్టే వైర్‌లెస్ కార్డు నిద్రపోతది. గా సెట్టింగు తీసేసిన. ఇగ ఫికర్ లేదు."

"పని చేస్తుంటే నిద్రపోదా?"

"అస్సలు పోదు."

"మరి పొద్దుగాల్నుంచి పోతుందంటివి కదా?"

అతను ల్యాప్‌టాప్ మూత మెల్లగా వేశాడు.

"ఏ అంగీ ఏసుకోవాలె?"