ఇంజన్‌కు కప్పిన జంపఖానా

కాశ్మీరు దాకా పోయి, నెల దాటాక తిరిగొచ్చిన పాత జీపు కొత్తవాడలోని ఇంటి ముందు ఆగింది. మల్లవ్వ మొగుడు స్టీరింగు వదల్లేదు. ఆమె లోపలికి వెళ్లి, బండికి దిష్టి తీయడానికి కొబ్బరికాయ తెచ్చింది.

"దిగు. టైరు ముందట కాయ గొడ్తే అయిపాయె."

"జర ఆగవే. గది గొడ్తే నిజంగనే అయిపోతది."

"బండి కొనేటాయన రేపు పొద్దుగాల వస్తా అన్నడు గద."

"అమ్మక ఏం జేస్త? ఇప్పుడు మన గల్లీ మలుపుల ఎడ్లబండి ఎదురైతే, నువ్వు కేకేసేదాక నా కండ్లకు కనవడలే."

మల్లవ్వ ఆ మాట పట్టించుకోనట్టు తగవు పెట్టుకుంది.

"బండి మీదున్న ప్రేమ నా మీద ఎన్నడున్నది నీకు? ఆ మంచుకొండల కాడ నేను గజగజ వణుకుతాంటే, నేను నేసిన జంపఖాన తీస్కపోయి ఇంజన్‌కు కప్పినవ్!"

"ఇంజన్ సల్లవడ్తే పొద్దుగాల స్టార్ట్ గాదు. మనం ఆడనే ఉండిపోదుము."

"ఉండిపోతే ఏమాయె?"

"ఇంటికి పోదామని ఏడ్సింది నువ్వే గద!"

"ఏడ్సిన. నా ఏడుపు ఎవలు లెక్కజేసిండ్రు?"

అతను నవ్వాడు గానీ దిగలేదు. మల్లవ్వ కొబ్బరికాయను కొంగులో చుట్టేసుకుని, వెనక సీటు మీది జంపఖానా లాగి బానెట్ నిండా కప్పింది.

"ఏం జేస్తానవే? గీ వరంగల్ ఎండలనా?"

"రేపటిదాక సల్లవడకుంట ఉండనియ్."