తలుపు బయట లెక్కల టీచర్

లెక్కల టీచర్ తన క్లాసు తలుపు బయట నిలబడి చెవి ఒగ్గి వింటోంది. హెడ్‌మిస్ట్రెస్ వెనకాలే రావడం చూసుకోలేదు.

"పిల్లల్ని వదిలేసి ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"మెల్లగా మేడమ్. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఎంతో వాళ్లే కనిపెడుతున్నారు. నేను లోపలుంటే లెక్క చూడరు, నా మొహం చూస్తారు. కనుబొమ్మ కదిలితే చాలు, జవాబు మార్చేస్తారు."

"ఇంతకీ కనిపెట్టారా?"

"ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని క్లాసంతా ఒక్కమాట మీదుంది."

"తప్పు కదా అది. మధ్యాహ్నం మీటింగుకి తల్లిదండ్రులొచ్చి పిల్లల్ని అదే అడిగితే? టీచర్ పాఠం చెప్పకుండా గోళ్లు గిల్లుకుంటోందని ఇప్పటికే చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. వెళ్లి ఆ ఒక్క ముక్కా చెప్పేసిరా."

"చెబితే రాసుకుంటారు మేడమ్. రేపటికి మర్చిపోతారు."

"చెప్పకపోతే రేపు నీకీ క్లాసే ఉండదు. నేనూ ఆపలేను."

టీచర్ తలుపు దగ్గరికి జరిగింది. గడియ మీద చెయ్యి వేసింది. అంతలో లోపల ఓ పిల్ల గొంతు లేచింది.

"ఏకీ బీకీ ఒకటి పెట్టి చూడండే. ఇటు నాలుగొస్తోంది, అటు రెండే. మిగతా రెండూ ఏమైనట్టు?"

గోలంతా ఆగిపోయింది.

"ఇప్పుడైనా చెప్పెయ్యవే తల్లీ."

"నోటికాడి కూడు లాక్కున్నట్టు అవుతుంది మేడమ్."

కాసేపటికి తలుపు తెరుచుకుంది. చేతిలో సుద్దముక్కతో ఆ పిల్లే.

"తగ్గినవి రెండు ఏబీలా టీచర్?"

టీచర్ చూపు నేలకి దించేసింది. పిల్ల పెద్ద మేడమ్ మొహంలోకి చూసింది. పెద్ద మేడమ్ గబుక్కున మొహం గోడవైపు తిప్పేసుకుంది.