తలకొక పేరు, తోకకొక పేరు

అధ్యక్షత వహించిన ఇంగెగెర్డ్ గారికి, ఓలాండ్ దీవి రాతి క్వారీల నుంచి బురద బూట్లతోనే వచ్చేసిన మిత్రులకు, మన మ్యూజియం డైరెక్టర్ హోకన్‌కు, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తూ ముందు వరుసలో ముళ్ల మీద కూర్చున్నట్టున్న మా శిలాజాల గున్‌వోర్‌కు నమస్కారాలు. ఉద్యోగుల సంఘం తరఫున రెండు మంచి మాటలు చెప్పి దిగిపొమ్మని హోకన్ నా చెవిలో చెప్పాడు. మంచివే చెబుతాను. దిగడం సంగతి చూద్దాం. (నవ్వులు)

మన దగ్గర ఒక ట్రైలోబైట్ శిలాజం ఉంది. నలభై ఆరు కోట్ల ఏళ్ల కిందట, ఆర్డోవిషియన్ కాలపు సముద్రం అడుగున పాకిన పురుగు. పురుగంటే గున్‌వోర్‌కు కోపం, పోనీ జీవి అందాం. రాతిలో దాని తల ఒక్కటే కనిపించేది. మనవాళ్లు దానికో పేరు పెట్టారు. సముద్రం అవతల ఎస్టోనియా వాళ్లకు తోక ఒక్కటే దొరికింది. వాళ్లు ఇంకో పేరు పెట్టారు. పేర్లు వేరు గనక జీవులు వేరు, జీవులు వేరు గనక రాతిపొరల వయసులూ వేరు, మా పొరే పాతది, కాదు మాదే పాతది అని రెండు దేశాల పండితులూ ఒక తరం పాటు కొట్టుకున్నారు. గున్‌వోర్ ఆ తలను ఉన్ని మేజోడులో చుట్టుకుని ఓడెక్కింది. అవతలి ఒడ్డున తాలిన్‌లో అక్కడి పండితుడు ఎండెల్, అదుగో వెనక గొంతు సవరించుకుంటున్నాడే, ఆయనే, తోకను తెచ్చి పక్కన పెట్టి, "మీ తలకాయ మా తోకదే తల్లీ!" అన్నాడట. "కాదయ్యా, మీ తోకే మా తలకాయది!" అని ఈమె. (నవ్వులు) తిరిగొచ్చి మన రాయిని బోర్లా తిప్పి చలికాలమంతా సూదితో గీకింది. అడుగున తోక బయటపడింది. అచ్చం ఎండెల్ తోక లాంటిదే, గాడి గాడికీ సరిపోయింది. రెండు తీరాల పొరలూ ఒకే కాలానివని తేలింది.

ఇక అసలు సంగతి. గున్‌వోర్ వెళ్లాక ఆమె కుర్చీలో ఇంకెవరినీ వేయరట. రాళ్లున్న సొరుగులన్నీ ఊరవతల గోదాములో పెట్టి తాళం వేస్తారట. మొన్న కాఫీ వేళ హోకన్ అన్నాడు: "అన్నిటికీ ఫొటోలు తీశాం కదా, ఇంకా రాళ్లెందుకు?"

"నీ పెళ్లి ఫొటో ఉంది కదా నాయనా, రోజూ ఇంటికెందుకు పోతావు?" అంది గున్‌వోర్, కప్పు దించకుండానే. (చాలాసేపు నవ్వులు)

నువ్వూ నవ్వావు హోకన్, సంతోషం. కానీ ఫొటోను బోర్లా తిప్పితే ఏముంటుంది? తెల్ల కాగితం. నువ్వు పొదుపు అంటున్నదాన్ని నేను గుడ్డితనం అంటాను. ఎవరూ తిప్పి చూడని రాళ్లు ఆ సొరుగుల్లో ఇంకా ఉన్నాయి. అవి జనం సొత్తు, నీదీ కాదు నాదీ కాదు.

పొద్దున మెట్ల మీద గున్‌వోర్ నన్ను ఆపి, "నన్ను పొగిడావో చంపుతా. ఆ కుర్చీ అడుగు, చాలు" అంది.

అడిగాను. కేకు కోసేలోగా జవాబు కావాలి హోకన్, కత్తి ఆమె చేతిలోనే ఉంది. (నవ్వులు) ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. ఆమెకు సెలవిస్తున్నాం. ఆ కుర్చీకి ఇవ్వం.