ప్లాస్టర్ అంటించిన వైపు

ఏమడిగావ్? ఈ రికార్డులో మీ తాతయ్య వాయించింది ఏ వైపనా? కూర్చో తల్లీ, చెప్తా. మీ తాతయ్యది, అంటే మా అన్నయ్యది, జాజ్ బ్యాండులో డబుల్ బేస్, నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది. ఫొటోలో చూశావుగా, మనిషికంటే పొడుగు. బస్సులో కండక్టరు "దీనికీ టికెట్ కొట్టాల్సిందే" అంటే, "అయితే కిటికీ పక్కన సీటివ్వండి దానికి" అనేవాడు. ఎక్కడున్నాను? ఆఁ, హోటల్. హోటల్ హాల్లో పంతొమ్మిదేళ్లు... కాదు, ఇరవై రెండా? ఎన్నో ఏళ్లులే, వెనక వరసలో నిలబడే వాయించాడు. తీగలకి వేళ్లు కోసుకుపోతాయని ప్లాస్టర్ చుట్టుకునేవాడు. మీ నానమ్మే ముక్కలు కత్తిరించి పెట్టేది. ఆ బ్యాండు చేసిన రికార్డు ఇదొక్కటే. వైపుకో పాట. అన్నయ్యకో పాడు అలవాటు, వాయిస్తూ లోపల్లోపల కూనిరాగం తీస్తాడు. రికార్డు చేసేవాడు మొత్తుకున్నాడు, "అయ్యా, మైకులో మీ మూలుగే పడుతోంది!" అని. పాపం, నోట్లో రుమాలు కుక్కుకుని ఒక పాట గట్టెక్కించాడు. ఇంకోదాంట్లో రుమాలు జారిపోయింది, మళ్లీ మూలుగు. దాంతో వేరే హోటల్ నుంచి ఇంకొకాయన్ని పిలిపించి అది కానిచ్చేశారు. అట్ట మీద ఎవరి పేరూ వెయ్యలేదు. ఏది తనదో అన్నయ్య చెప్పలేదు, సిగ్గు.

ఆయన పోయాక మా వదిన, అదే మీ నానమ్మ, "ఆయన చెయ్యి నాకు తెలీదా" అని ఒక వైపు మధ్యలో ప్లాస్టర్ ముక్క అంటించింది. ఇక ఎప్పుడూ ఆ వైపే. స్పీకరు మీద అరచెయ్యి ఆనించి వినేది. ఒకరోజు వాళ్ల డ్రమ్ములాయన వచ్చి విని, నన్ను వరండాలోకి లాక్కెళ్లి, "ఇది వాడు కాదండీ, అవతలి వైపు" అన్నాడు. వదినకి చెప్పడానికి నోరు రాలేదు. పోయేదాకా పరాయివాడి వాయింపు మీదే చెయ్యేసుకుని ఏడ్చిందమ్మా ఆవిడ. నీకైనా సరిగ్గా చెప్దామని... ఏదీ, ఇటివ్వు. ప్లాస్టర్ లేనిది మీ తాతయ్య. ఇటు లేదు. అటు... అటూ లేదే? కడిగావా? జిగురుగా ఉందని పీకేశావా! తిట్టట్లేదులే, కళ్లు తుడుచుకో. నాకా, వింటే తెలుస్తుందా? ఈ చెవులకి రెండూ డుమ్ డుమ్మే. అసలు డ్రమ్ములాయన ఇది కాదన్నాడా, ఇదే అన్నాడా? ఏమో, ఇన్నేళ్లూ నేనే తప్పు పట్టుకు కూర్చున్నానేమో. వెయ్యి, ఏదో ఒకటి. నువ్వూ అరచెయ్యి ఆనించి చూడు. ఏమన్నా తెలుస్తోందా? ...ముందు ఆ కిటికీ మూసెయ్, బస్సుల గోల.