పక్క సీటు పిడి

కొన్న పాత స్పోర్ట్స్ కారును షెడ్డులో పెట్టి కొడుకు తలుపులు రెండూ తెరిచాడు. తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కడే నిలబడిపోయావేంటమ్మా? వచ్చి కూర్చో. కరవదులే."

"ఇంజన్ ఆపేశావా?"

"అసలు స్టార్టే చెయ్యలేదు, తోయించి పెట్టా. రేపు రోడ్డెక్కిస్తా. ఇదిగో, ఈ పిడి చూడు. ఈ మోడల్లో ఏ కారుకీ పక్క సీటు ముందు పిడి ఉండదు. డాష్‌బోర్డు కూడా చేత్తో చేసిందే. అమ్మకానికి ముందు ట్రయల్ కోసం కట్టిన బండి అయ్యుంటుంది. ముందు భాగమంతా ఎవరో మళ్లీ కట్టారు గానీ, లోపల ముట్టుకోలేదు."

"పిడి మీద తోలు కుట్టు ఎటు వాలింది?"

"ఎడమకి. అదే వింత, సీట్ల కుట్టంతా కుడికే ఉంది."

"మీ నాన్నది ఎడమచేతి వాటం."

"ట్రయల్లో నాన్న ఎక్కిన బండిని ప్రమాదం తర్వాత తుక్కు చేసేశామన్నారుగా కంపెనీవాళ్లు?"

"అన్నారు. పక్కన కూర్చునే మనిషి దేన్ని పట్టుకోవాలండీ అని ఆయన ప్రాణం తోడేశాను. 'ఇదిగో, నీ భయానికో పిడి' అని నవ్వుతూ తనే కుట్టి బిగించారు. ఆ ట్రయల్‌కే ఈ పక్క సీట్లో కూర్చుని వెళ్లి, మళ్లీ రాలేదు."

తల్లి వచ్చి పక్క సీట్లో కూర్చుని, పిడి పట్టుకుంది.

"అమ్మా, చెయ్యి తియ్యి."

"తోలు నాలుగు చోట్ల నొక్కుకుపోయింది, చూశావా? వేళ్లు."

"చూశాను."

"ఆఖరి క్షణంలో ఇది ఊడి ఆయన చేతికొచ్చేసిందేమోనని ఇన్నేళ్లూ కుమిలిపోయానురా."

"ఊడలేదమ్మా. గట్టిగానే ఉంది. రేపు బండి తియ్యనులే. లే, ఇంట్లోకి పోదాం."

"ఎలా లేస్తానురా? ఆయనింకా నా చెయ్యి వదల్లేదు."