హజరత్తయ్య అయ్యవారి ఇంగ్లండు

"ఇంగ్లండులో నేను పొడిచిందేమీ లేదయ్యా, ఒక్క పీరియడు పాఠం చెప్పినా, అంతే" అని మొదలుపెట్టాడు హజరత్తయ్య అయ్యవారు.

ఆయన పాఠాలు చెప్పేది సముద్రం ఒడ్డున జాలర్ల పాళెంలో, ఒకే పంతులున్న బడిలో. కోతలు కోసేది మాత్రం ఇందుకూరుపేటలో, బస్సులు ఆగే చోట, వెంకటశేషమ్మ టీ అంగడి బల్లమీద. పాళెం వాళ్లు ఆ అంగడిలో ఆగరు గనుక అడ్డు చెప్పేవాడుండడు. ఆ రోజు మాత్రం పాళెంలో వలలు లాగే పెంచలయ్య నెల్లూరు బస్సు దిగి, వెనక బల్లమీద కూలబడ్డాడు. అయ్యవారు చూసుకోలేదు.

"అరవైమూడులో మన పంతుళ్లను మూడు నెలలు ఆ దేశం బళ్లు చూసి రమ్మని పంపినారు గదా, అందులో నేనొకణ్ణి. లండన్‌లో ఒక బడికి పోతే పిల్లకాయలకు ఏడో ఎక్కం రాదు. దొరసాని టీచరు తల పట్టుకోని కూచుంది. నేను సుద్దముక్క కూడా ముట్టుకోలా. మనోళ్లు వల లాగుతా పాడతారే, ఆ వరసలో ఎక్కం ఎత్తుకున్నా. గంట కొట్టేలోపల పంతొమ్మిదో ఎక్కం దాకా అప్పజెప్పేసినారు. అంతటితో పోయిందా? పక్కబడి పిల్లకాయలు గోడ దూకి వచ్చేసినారు. సాయంత్రానికి ఊళ్లో బస్సు కండక్టర్లు టిక్కెట్లు చించేది కూడా ఆ వరసలోనే."

"తెలుగులోనేనా అయ్యవారా?" అన్నాడు బండి తోలే చిన్నపోలయ్య.

"మరి నాకొచ్చింది అదే గదా. ఆ మర్నాడు ఏం జరిగిందో చెబితే నమ్మవు. పెద్ద మ్యూజియానికి తీసకపోయినారు. ఆడ మన శాసనం రాయి తలకిందులుగా నిలబెట్టుండారు. తిప్పండయ్యా అన్నా. తిప్పినారు. చదివినా. వినేదానికి జనం మెట్లు దిగి, వీధి దాటి, ఏటి వంతెన దాకా నిలబడిపోయినారు. వాళ్లకు ఆకలైతే పులుసు నేనే కాచినా. ఆ వాసనకు సముద్రంలో పోయే స్టీమర్లు వెనక్కి తిరిగినాయి. మూడు దినాలు రేవులో చోటు చాల్లేదు."

"చింతపండు యాడిది?" అంది వెంకటశేషమ్మ.

"జేబులో వేసుకోని పోయినా. ఇంక మేం చేసేదేముంది, మా దేశాన్ని మీరే ఏలుకోండని దొరలు తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టినారు. బడికి సెలవు లేదని తిరిగిచ్చేసినా."

అందరూ నవ్వారు. చిన్నపోలయ్య, "మంచు పడతాదంట గదా, అదెట్టుంటాది?" అని అడిగాడు.

అయ్యవారి గొంతు తగ్గిపోయింది. "చప్పుడుండదు. కిటికీ తెరిస్తే అంతా తెల్లగా ఉంటుందంతే." ఒక్క కోతా కలవలేదు అందులో. ఇంగ్లండు పొమ్మని ఆర్డరు వచ్చాక ఆరువారాలు లండన్ పటం ముందేసుకుని కూర్చున్నాడాయన. అక్కడి వీధులన్నీ ఇప్పటికీ ఆయనకు వరసగా వచ్చు.

"అదేంది అయ్యవారా, ఆ యేడు మీరు యాడికీ పోలేదు గదా" అన్నాడు పెంచలయ్య వెనకనుంచి.

అయ్యవారు తిరిగి చూశాడు. పెంచలయ్య మొహంలో ఎగతాళి లేదు, గర్వం ఉంది. అందరికీ వినపడేలా చెప్పుకుపోయాడు. "ఈయనకు దూరంగా బదిలీ అయిందన్నారు. మూణ్ణెల్లలో వస్తానన్నాడు గానీ, ముందరి పంతులు పదిదినాల్లో వస్తానని పోయినోడే, మళ్లా రాలా. బడి మూతేస్తారని మా ఆడోళ్లు ఏడ్చినారు. ఎనభైమందిమి వేలిముద్రలేసి నెల్లూరు ఆఫీసులో అర్జీ ఇచ్చినాం. వారం తిరక్కముందే ఆర్డరు రద్దు చేసినారు."

అయ్యవారి చోట ఇంకో పంతులు ఇంగ్లండు పోయి వచ్చాడు. నెల రోజులు అయ్యవారు పాళెంలో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పోవాలని ఉండింది ఆయనకు. ఇప్పటికీ ఉంది. అది బదిలీ కాదురా, నా జన్మకంతా ఒక్కసారి వచ్చిన ప్రయాణం అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"ఆ అర్జీ రాసింది ఎవరనుకున్నారు?" అన్నాడు పెంచలయ్య. "మా కూతురు కామమ్మ. మీరు దిద్దించిన అక్షరాలే. ఈ పొద్దే దాన్ని టీచరు ట్రైనింగులో చేర్చి వస్తుండా."

"తెలుసు పెంచలయ్యా. ఆఫీసులో చూపించినారు. దస్తూరి చూస్తానే గుర్తుపట్టినా."

చిన్నపోలయ్యకు తికమకగా ఉంది. "అయితే అది ఇంగ్లండా, బదిలీనా అయ్యవారా?"

అయ్యవారు పెంచలయ్యను చూసి, తలొంచుకుని గ్లాసులో మిగిలిన టీ తాగాడు.

"బదిలీనే" అన్నాడు. "శానా దూరం. వీళ్లు నన్ను పోనీలేదు."