తప్పు తీగది కాదు

హలో… ఆఁ, నేనే. పాత భవనం సర్వర్ గదిలోంచి.

…ఇక్కడ నన్ను వదినా అనకు. పోయిన నెల నువ్వే కదా చెప్పావు, 'ఆఫీసులో నేను నీ పైఅధికారిని, వరసలు ఇంటి దగ్గర పెట్టుకో' అని. …ఆ, సరే. చెప్పండి సార్.

…నవ్వడం లేదు. ఈ ఏసీకి పళ్ళు కొట్టుకుంటున్నాయి.

…తేలింది. తీగ బాగానే ఉంది. …'ఎలా చెప్తావు' అంటే— చూసి చెప్తాను. నీకు కొత్తగా ఉంటుందేమో, కొంతమంది చూశాకే చెప్తారు.

…అదే తీగ. రోడ్డు కిందనుంచి కొత్త భవనం దాకా తీగల తాత వేసినదే. రెండు చివర్లా మీటరు పెట్టి చూశాం. వెంట్రుకవాసి తేడా లేదు.

…'చూశాం' అంటే నేనూ, ఆ తాతా. …అవును, పొద్దున నువ్వు కార్డు లాక్కుని గేటు బయటికి పంపించావే, ఆయనే. నేనే వెనక్కి పిలిపించాను. అటు చివర కొత్త భవనంలో ఉన్నారు. …అరవకు. ఇక్కడ ఫ్యాన్ల రొద చాలు.

…మరి తప్పెక్కడుందా? చెప్తాను. నీకు కూడా అర్థమయ్యేలా చెప్తాను. ఇటు రక్తపరీక్షల సర్వర్లు ఆరు. అటు ఆపరేషన్ థియేటర్ల సర్వర్లు ఆరు. ఇటు రిపోర్టు అటు చేరాలి. అంతేగా?

…పింగ్ చేశావు. ఊఁ. పింగ్ అంటే ఏమిటి? వీధిలో నిలబడి 'ఎవరండీ ఇంట్లో' అని కేకెయ్యడం. 'ఉన్నాం' అని లోపల్నించి పలికారు. తలుపు తీస్తారో లేదో చూశావా?

…చూడలేదు. ఆ తలుపు మూసే ఉంది. ఆ తలుపుకి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో రిపోర్టులకి అనుమతి రాయాల్సిన చోట అడ్రసులో ఒక అంకె తప్పు. రెండుకి బదులు మూడు. రాసినవాడి పేరు పక్కనే ఉంది— తాత పేరు కాదు.

…ఎవరో నీ పాస్‌వర్డ్ వాడేశారా? అబ్బ, ఎంత తొందరగా అల్లేశావు!

…సరే, నువ్వు రాసిన తనిఖీ రిపోర్టే చదువుతాను, విను. 'శనివారం, పదకొండూ ఇరవై. రెండు భవనాల్లోనూ స్వయంగా పరీక్షించాను. పన్నెండు సర్వర్లూ సవ్యం.' పన్నెండింటికీ ఒకటే టైము! రెక్కలేమైనా మొలిచాయా నీకు?

…గుర్తులేదా? నాకుంది. అప్పుడు నువ్వు మా సోఫాలో కాళ్ళు బారచాపుకుని మ్యాచ్ చూస్తున్నావు. రెండో టీ అడిగావు. ఇచ్చింది నేనే. చక్కెర తక్కువైందని వంక కూడా పెట్టావు.

…మీ అన్నయ్యని మధ్యలోకి తేకు. ఆయన వెనకేసుకురాబట్టే ఇలా తయారయ్యావు.

…'ఒక్క అంకేగా'నా? ఆ ఒక్క అంకె మూలంగా ఏడేళ్ళ పాప ఆపరేషన్ నిన్నొకసారి ఆగింది, ఇవాళొకసారి ఆగింది. పొద్దున్నించి పిల్ల నోట్లో మంచినీళ్ళు కూడా పొయ్యలేదు. నర్సు కాగితం మీద రిపోర్టు పట్టుకుని పరిగెత్తితే, కాగితం చెల్లదన్నారట. ఆ రూలు పెట్టిన మహానుభావుడివి కూడా నువ్వే. పైగా వాళ్ళమ్మతో ఏమన్నావు? 'ముసలాయన తీగ సరిగ్గా వెయ్యలేదమ్మా' అన్నావు.

…సరిచేశాను. అరగంటైంది. పింగ్‌తో సరిపెట్టలేదులే, పాప రిపోర్టే పంపించి చూశాను. అటు తెర మీద తాత అక్షరం అక్షరం చదివి వినిపించారు. పాపని లోపలికి తీసుకెళ్ళారు కూడా.

…'థాంక్స్ వదినా'నా? మళ్ళీ వదిననైపోయానా!

…ఏమని రాయాలి? 'సాంకేతిక కారణాలు' అనా? …తాతకి వచ్చే నెల మళ్ళీ పని ఇప్పిస్తావా, జాలిపడి? బాగుంది. తప్పు చేసిందీ నువ్వే, పెద్దమనసుతో క్షమించేదీ నువ్వే!

…ఆలస్యమైంది. ఉన్నదున్నట్టు రాసి డైరెక్టర్ గారికి పంపేశాను. …నువ్వు ఫోన్ చెయ్యకముందే. సోఫాతో సహా.

…మరి ఇంతసేపూ ఎందుకు మాట్లాడానా?

…నేను పెళ్ళై వచ్చేసరికి నీకు పదేళ్ళు. బూట్లకి ముడి వెయ్యడం నేర్పింది నేను. 'తప్పు నాదే, ఆయన్నేమీ అనకండి' అని ఒక్కసారి అంటావేమోనని చూశాను. అంటే ఆ ముక్క కూడా రాసి పంపేదాన్ని.

…ఊఁ. చెప్పు. వింటున్నాను.

…ఏమిటీ?

…డైరెక్టర్ గారు ఇంకా చదివుండరు, వెనక్కి తీసుకోవచ్చేమో చూడమంటావా?

…పాప ఎలా ఉందని అడుగుతావనుకున్నాను. ఉంటాను సార్.